తెగిన తరువాతి ప్రార్థన

చెన్నపట్నం,
1963 ఫిబ్రవరి

ప్రియమైన జకరయ్య అన్నకు,

నీ చెల్లెలు ఆనందకుమారి ప్రేమతో రాసేది. హాస్టలు సాంబారుతో నాలుక మొద్దుబారింది. వదిన చేపల పులుసు గుర్తొస్తే పుస్తకం మీద చూపు నిలవడం లేదు.

నేను చదివేది ఏమిటని పోయిన సెలవుల్లో అడిగావు, నసిగాను. ఇప్పుడు చెబుతాను. ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ కొవ్వు గోడ ఉంది. నరం పంపే కబురు ఆ గోడ దాటి లోపలికి రాదు, బయటనుంచి తడుతుంది, అంతే. అయినా లోపల పని మొదలవుతుంది. ఎలా? గోడలో ఫాస్ఫోఇనోసైటైడ్ అనే కొవ్వు కొద్దిగా ఉంటుంది. కబురు తగలగానే అది విరిగి మళ్ళీ కట్టుకుంటుందట. లోపలి ప్రోటీన్లకు పని పురమాయించేది ఇదేనేమోనని మా సారు అనుమానం.

ఇందులో మూడు రకాలు. అన్నిటికంటె అరుదైన మూడో రకాన్ని మెదడులో పట్టి చూపడం నా పని. కబేళా మెదళ్ళలో దాని జాడే దొరకడం లేదు. వేసవి సెలవుల్లోగా చూపలేకపోతే ఈ అంశం వదిలెయ్యమన్నారు సారు. ఇన్నాళ్ళ చదువు మట్టిలో కలుస్తుందన్నా.

కోతపండుగకు మన గుడి దగ్గర పొట్టేలు తెగుతుంది కదా. మెదడు తీసిన వెంటనే నేను పంపే సీసాలో వేసి మూత బిగించు. ఇక్కడికి నిమ్మకాయలు తెచ్చే ముత్యాలయ్యే సీసాను నీకు అందిస్తాడు, మళ్ళీ నాకు తెచ్చిస్తాడు. అందులో పోసిన మందు ఘాటు, ముక్కు దూరంగా పెట్టు.

నీ చెల్లెలు,
ఆనందం


తోటపల్లి గూడూరు,
మార్చి

ప్రభువునందు ప్రియమైన చెల్లికి,

అందరం కులాసా. నువ్వు కొవ్వు గురించి చదువుతున్నావంటే ఊళ్ళో నవ్వారు. బల్ల గుద్ది లేవీయకాండం మూడో అధ్యాయం తెరిచాను. కొవ్వంతా యెహోవాదని ఉందా లేదా? ఆయన తనకోసం ఏరి పెట్టుకున్నదాన్ని నా చెల్లెలు శోధిస్తుంటే మీకెందుకురా ఇకిలింపు?

పాదిరిగారు నెలకొకసారి వస్తారు, మిగిలిన ఆదివారాలు నావే కదా. నీ గోడ సంగతి మీదే ప్రసంగించాను. ప్రకటన గ్రంథంలో ప్రభువు తలుపు దగ్గర నిలిచి తడుతున్నాడు, బద్దలు కొట్టుకొని రావడం లేదు. తట్టినది వినే గుణం తలుపుకు ఉండాలి. నీ కొవ్వుకు ఉంది, మన సంఘంలో కొందరికి లేదు. వెనక బెంచీలవాళ్ళు తలలు దించుకున్నారు.

పండుగ ఘనంగా జరిగింది. హెబ్రోను పొట్టేలును కోశాడు. మెదడు తీసీ తీయగానే సీసాలో వేశాను. వాడు మందు వాసన పీల్చి తూలి, "అన్నా, ఆత్మ దిగినట్టుండాదే" అన్నాడు. పరిశుద్ధాత్మను సీసాల్లో పంపరని మందలించాను.

నీ క్షేమం కోరే అన్న,
జకరయ్య


చెన్నపట్నం

ప్రియమైన అన్నకు,

సీసా అందింది. అందులోనూ అది లేదు. ఉంటే పరీక్ష కాగితం మీద మచ్చగా తేలాలి. సారు నా కాగితం చూసి బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

కత్తి పడినప్పటినుంచి మూత బిగించేదాకా ఏమేమి జరిగిందో ఒక్కటీ వదలకుండా రాయి.

ఆనందం


తోటపల్లి గూడూరు

చెల్లీ, ధైర్యంగా ఉండు.

ఏం జరుగుతుంది? పొట్టేలు తెగింది. ఎవరూ దాన్ని ముట్టకముందు ఎప్పటిలాగే ప్రార్థన చేశాను. హేబెలు మందతో మొదలుపెట్టి, మోరీయా కొండ మీద పొదలో చిక్కిన పొట్టేలు, ఐగుప్తులో గుమ్మాలకు పూసిన రక్తం, అన్నీ తలుచుకుంటూ కల్వరిలో దిగాను. నేను మధ్యలో దిగేవాణ్ణి కానని నీకు తెలుసు. ఐగుప్తులో ఉండగా మీ వదిన దగ్గింది. యెషయాలోకి కూడా వెళ్ళివచ్చాను. ఆ తరువాతే తల పగలగొట్టింది. లోపమేదీ జరగలేదు.

జకరయ్య


చెన్నపట్నం

నా బంగారు అన్నకు,

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియడం లేదు. ప్రాణం పోగానే ఆ కొవ్వు విరిగిపోతుందేమోనని ఇప్పుడు తోస్తోంది. నువ్వు ఐగుప్తు దాటేలోగానే అంతా అయిపోయి ఉంటుంది. ఈస్టరు పొట్టేలుకు ప్రార్థన ముందే చేసి, తరువాత కోయించకూడదా? నాకు మిగిలింది ఆ ఒక్క పండుగే. మరో సీసా పంపుతున్నాను.

నీ ఆనందం


తోటపల్లి గూడూరు

చెల్లికి,

కుదరదు. బతికున్న పొట్టేలు ముందు కళ్ళు మూసుకొని నిలబడితే పోలేరమ్మకు మొక్కినట్టే. మన తాత బాప్తిస్మం తీసుకున్ననాడు పెట్టిన కట్టుబాటు ఇది. ముందు తెగాలి, తరువాత తిండికి కృతజ్ఞత. బలి ఒక్కసారే, సిలువ మీద జరిగింది, బైబిలులో హెబ్రీయుల పత్రిక చదువుకో. నీ సారును కూడా చదవమను.

నీ ఉత్తరం విన్నప్పటినుంచి మీ వదిన నాతో మాట్లాడటం లేదు. పులుసులో ఉప్పూ వెయ్యడం లేదు.

జకరయ్య


తోటపల్లి గూడూరు,
ఈస్టరు మరునాడు

ప్రియమైన చెల్లికి,

ముత్యాలయ్య చేత సీసా పంపుతున్నాను. కట్టుబాటు తప్పలేదు. పొట్టేలు తెగింది. సంఘమంతా కళ్ళు మూసుకొని, బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదకు మార్చుకుంటూ సిద్ధపడింది. నేను "తండ్రీ, స్తోత్రం, ఆమెన్" అన్నాను. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. గొడ్డలి పట్టిన హెబ్రోను ఒంటికన్ను తెరిచి, "ఐపోయినాదా అన్నా? ఒంట్లో బాగలేదా?" అన్నాడు. కొట్టరా అన్నాను.

విస్తారంగా మాట్లాడితేనే తండ్రి వింటాడనుకోవద్దని మత్తయి సువార్తలో ప్రభువే చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆ వచనం మీద నేనే గంటలకొద్దీ ప్రసంగించాను. మూత బిగించాక మిగిలిన ప్రార్థన హేబెలునుంచి మొదలుపెట్టి పూర్తి చేశాను. కూర మాడింది. మీ వదిన మాత్రం నవ్వుతూ వడ్డించింది.

ఫలితం వెంటనే రాయి. రోజూ పోస్టుమాన్‌కు ఎదురు వెళుతున్నాను.

జకరయ్య


చెన్నపట్నం,
ఏప్రిల్ చివర

నా ప్రియాతిప్రియమైన అన్నకు,

దొరికింది. కాగితం మీద నల్లగా, దిట్టంగా, నా బొటనవేలంత మచ్చ. హాస్టలంతా లేపాను.

సారు రెండు సీసాల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. పెద్ద ప్రార్థన సీసాలో శూన్యం, చిన్న ప్రార్థన సీసాలో నిండుగా. ప్రాణం పోగానే ఇంత తొందరగా విరిగేది, ప్రాణమున్నప్పుడు ఎంత చురుగ్గా పనిచేస్తూ ఉండాలి అన్నారు. ఇక అంశం మార్చే మాటే లేదు. ఎంత సేపట్లో ఎంత విరుగుతుందో తేల్చడమే నా తరువాతి పని.

దానికి ఇక్కడ వేరే ఏర్పాటు చేద్దామన్నాను. సారు ఒప్పుకోలేదు. "మీ అన్నగారి దగ్గర మధ్యరకం ప్రార్థన ఉంటుందా?" అని అడిగారు.

సెలవులకు సీసాలు నేనే పట్టుకొని వస్తున్నాను. మోరీయా కొండ దగ్గర ఆగి ఆమెన్ చెప్పగలవా అన్నా? ఐగుప్తులోకి మాత్రం అడుగు పెట్టవద్దు. దగ్గడానికి వదినను పక్కనే నిలబెడతాను.

ఎప్పటికీ నీ చెల్లెలు,
ఆనందకుమారి