ఎడమ పెట్టె ముట్టుకోకు

రేవతీ,

హాల్లో రక్తముంది, మా అమ్మ జారకముందే తుడిచెయ్. ఎడమ స్పీకరు పెట్టె ముట్టుకోకు, విరిగిన చెక్క గుచ్చుకుంటుంది.

రక్తం మీ తమ్ముడు ఉమామహేష్‌ది. అమ్మ కోసం నేను నెల్లాళ్లు కూర్చుని చేసిన పెట్టెలు చూసి, "సెవిటి ముసిల్దానికి స్పీకర్లేటి బావా?" అంటూ కాలెత్తి తన్నేడు. ఊఫర్ ఉఫ్‌మంది. నా చేతిలో పాత స్పీకరు నుంచి ఊడదీసిన కిలోన్నర అయస్కాంతముంది. ఆకర్షణ ఎక్కువై వాడి మూతికే అంటుకుంది. రెండు పళ్లు రాలాయి. అయినా ఆగక, వాడి తలని పెట్టెకేసి నాలుగుసార్లు బాదేను.

స్కూటరు మీద వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. అన్నం మెత్తగా వండు. వాడు నమలలేడు, నేను మింగలేను.

దాసు

ఇంకోటి. అమ్మ ఎప్పట్లాగే అటు తిరిగి, పాట అరచేతికి తెలియాలని కుడి పెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చుంది. పెట్టెలు రెండూ ఒకే బల్ల మీదున్నాయి కదా. నేను బాదడం ఆపగానే, "ఈయేల దరువు బాగుందిరా బాబూ, ఆపేసేవేటి?" అంది. నాకు చెయ్యి లేవలేదు. మీ తమ్ముడే మూతి తుడుచుకుని, ఆ రక్తపు చేత్తోనే పెట్టె మీద మెల్లగా దరువేశాడు.