మన బోరు నీళ్ల రుచి

మానవపాడు,
ఫిబ్రవరి 2004.

బేటీ ఫరాకు నాన్న దీవెనలు, దువాలు.

శుభవార్త తల్లీ! మన బోరులో నీళ్లు పడ్డాయి! నీళ్లు ఎగజిమ్మిన రోజు ఈ ముసలివాడు చిన్నపిల్లాడిలా తడిసి గంతులేశాడంటే నమ్ము. నీ తమ్ముడు బాసిత్‌ను ఎత్తుకుందామనుకున్నా, నడుము ఒప్పుకోలేదు. పక్క చేను కురుమూర్తే అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి నీళ్ల జాగా చూపించాడు. టెంకాయ లేచి నిలబడింది మన గట్టు మీదే, కానీ ఆయన బావి పక్కన. ఆ సంబరంలో ఆ బావి ఏమవుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇప్పుడు మన వరి పచ్చగా ఉంది. ఆయన బావి ఎండిపోయింది, వేరుశనగ వాడిపోతోంది. నిన్న కురుమూర్తి కూలి పనికి గద్వాల బస్సెక్కాడు.

సగం నీళ్లు వాళ్లకిద్దాం, ఈ కోత కాగానే వరి మానేసి ఇద్దరమూ జొన్న, కంది వేసుకుందాం అన్నాను. "గట్లయితే మనమెప్పుడు బాగుపడాలె? ఆయన్ను గూడ బోరేసుకొమ్మను" అంటాడు బాసిత్. ఆయన ఇంకా లోతుకు వేస్తే మనది ఎండదా? వాడు నీ మాటే వింటాడు. ఆ వేరుశనగ పూర్తిగా పోకముందే జల్ది రా తల్లీ.

పొద్దున కురుమూర్తి భార్య నర్సమ్మ బిందెతో వస్తే నేనే నింపాను. దోసిట పట్టి తాగి, "అన్నా, గివి మా బాయి నీళ్లే" అంది. నవ్వుతూనే అంది బేటీ. అప్పటినుంచి ఆ నీళ్లు నా గొంతు దిగడం లేదు.

నీ రాక కోసం చూస్తూ,
నాన్న.