నీలం మూత సీసా

అన్నయ్యా, కంగారుపడకు, పాపకి కాస్త నలతగా ఉందంతే. వదిన నీకు ఈ సంగతి రాయదు కనుక నేనే రాస్తున్నాను.

పాప పుట్టినరోజుకి జామ్ కాచి నీలం మూత సీసాలో పోసి పంపాను కదా. మంగళవారం పొద్దున్నే వదిన అదే సీసాలో పాప మలం పట్టుకుని మా ల్యాబుకి వచ్చింది. మూత మీద నేను పాప పేరు రాసి అంటించిన కాగితం కూడా చెక్కుచెదరలేదు.

"జామ్ ఏమైంది వదినా?" అన్నాను.

"ఏమీ అనుకోకు. రోజంతా ఇవే ముట్టుకునే చేతులు కదా, తినబుద్ధి కాక పారబోశాను" అంది.

మైక్రోస్కోపు కింద చూస్తే అన్నీ ఏలికపాముల గుడ్లే. నా చేతులు గంటకోసారి సబ్బుతో కడుగుతాను. పాపకి అన్నం కలిపే చేతులు ఎవరివో నువ్వే ఆలోచించు.

డాక్టరుగారి చేత మందు రాయించాను. చేతులు కడుక్కోమని వదినకి నువ్వే రాయి. నేను చెబితే ఆడపడుచు సాధిస్తోందంటుంది. పాప గోళ్లు కూడా తీయమను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

మొన్న ఎత్తుకోబోతే వదిన పాపని వెనక్కి లాక్కుంది. పాపకి నా దీవెనలు. అవైతే ముట్టుకోకుండానే ఇవ్వొచ్చు.

నీ చెల్లెలు