బెజ్జం లేని సూది

డాక్టరుగారి సముఖానికి, మీ కాంపౌండరు నమస్కరించి రాసుకునేది.

మీరు ట్రైనింగుకి వెళ్లాక మన ఆసుపత్రికి వచ్చిన ఫిజియోథెరపిస్టు వరహాలరావు సంగతి మీకు తెలియాలి. కాళ్లూ చేతులూ ఆడించి వ్యాయామం నేర్పడం అతని పని. ఇప్పుడేమో నొప్పి ఉన్నచోట సూదులు గుచ్చుతున్నాడు. సిరంజి లేదు, మందు లేదు. ఒక సూది అడిగి తీసుకుని, మన సూదులు శుభ్రం చేసే సన్నతీగ దూర్చి చూడబోయాను. దానికి బెజ్జమే లేదు. పదహారేళ్లుగా సూదిమందు ఇస్తున్నాను, ఇలాంటిది చూడలేదు.

ముంచింగిపుట్టు సంతకి కావిడి మోసే కిల్లో దొంబుకీ అనుమానమే వచ్చింది. "మందు ఎక్కించకపోతే, లోపల్నుంచి ఏటైనా లాగేత్తన్నావా బాబూ" అని అడిగాడు. అడుగుతూనే భుజం అప్పగించాడు. వారం తిరిగేసరికి అదే భుజాన కావిడి వేసుకుని వచ్చాడు. ఇందులో ఏదో కిటుకు ఉంది.

భుజం కింద ఊపిరితిత్తి ఎంత లోతులో ఉంటుందో ఇతనికి ఎవరు నేర్పారు? అడిగితే, చదువుకున్నానండి అంటాడు. ఆ కాగితం చూపించమంటే పట్నంలో ఉందంటాడు. ఇతనికి సూది పట్టే అధికారం ఉందో లేదో మీరే రాసి పంపాలి.

అందాకా ఆ సూదుల డబ్బా మందుల బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దుటినుంచి జనం వరండాలో కూర్చుని తాళంచెవి అడుగుతున్నారు. జవాబు బేగి పంపించండి.

వాళ్లలో మా ఆవిడ కూడా ఉంది. మెడ పట్టేసి పది రోజులైంది. నేనిచ్చిన సూదిమందుకి తగ్గలేదు.