అక్కా, మోకాళ్లు చూపించుకో

గోదావరిఖని,
నవంబర్ 2007

అక్కకు తమ్ముడు రాజం దండాలు. నాకు కాలు ఆపరేషన్ అని ఎవరో చెబితే నువ్వు ఏడ్చావట. అలాంటిదేమీ లేదు. గనిలో తడి మెట్ల మీద జారితే మోకాలు బెణికింది. లోపలి లిగమెంట్ సాగిందే కానీ తెగలేదన్నారు. దవాఖానలో పట్టీ కట్టి, కాలు ఎత్తి దించే కసరత్తు చేయిస్తున్నారు. వాపు తగ్గింది. వచ్చే వారం నుంచి గని పైనే తేలిక డ్యూటీ.

కసరత్తు గదిలో మాణిక్యాంబ గారనే పెద్దావిడ కలిసింది. ఆమెవీ నీలాగే అరిగిన మోకాళ్లు. పోయిన ఏడాది ఆపరేషన్ చేసి కొత్తవి వేశారట.

"మా అక్క ఆపరేషన్ అంటెనే భయపడ్తది అమ్మా" అన్నాను.

ఆమె కుర్చీ పట్టుకోకుండా లేచి, గోడ దాకా నడిచి వచ్చింది. "మొదట్లో నొప్పికి నేనూ ఏడ్చానయ్యా. ఇప్పుడు కూరగాయలకి నేనే వెళ్తున్నా" అంది.

డాక్టరునూ అడిగాను. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరికి కసరత్తుతో, సూదులతో నెమ్మదిస్తుంది, చూస్తే గానీ చెప్పలేనన్నాడు.

దుకాణంలో కొనే ఆ నొప్పి గోలీలు ఇక మింగకు. నీ కడుపు మంట వాటివల్లే కావచ్చట. పత్తి ఏరడం అయిందా? కాకపోతే కూలీలను పెట్టండి, నువ్వు వంగకు. బర్రెను పక్కింటి యాదవ్వకు అప్పజెప్పి, బావతో బస్సెక్కు. పాత ఎక్స్‌రే తప్పక తెచ్చుకో.

నీ మరదలు శోభ ముందు గదిలో నీకోసం ఎత్తు మంచం వేసింది. "వదినె వచ్చేదాక దీనిమీద ఎవ్వలు కూసోవద్దు" అని కుంటికాలు వాణ్ని నన్ను కూడా లేపేసింది. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు
రాజం