పేరు పెట్టి చదివిన కీర్తన

క్రైస్ట్‌చర్చ్,
శనివారం.

ప్రేమగల రత్నక్కకు,

నీ చెల్లెలు కరుణ ప్రభువు పేరట చేతులు జోడించి చెబుతున్న వందనాలు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారి షుగర్ అదుపులో ఉందా? తీపి దగ్గర ఆయన్ని కాస్త గట్టిగా పట్టు, నీ మాట తప్ప ఎవరి మాటా వినరు. ఇక్కడ నేనూ, షారోనూ దేవుని దయవల్ల లేచి తిరుగుతున్నాం. పిల్లకి జలుబు చేసి తగ్గింది. మా గురించి బెంగ పెట్టుకోకు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు అక్కా. కోప్పడకు, నిజం. నేను ఒక ముక్క మొదలుపెడితే నువ్వే నా బదులు ఏడ్చి, నా బదులు కోప్పడి, నా బదులు ప్రార్థన కూడా చేసేసి ఫోన్ పెట్టేస్తావు. ఈ సంగతి మధ్యలో ఆగకుండా చెప్పాలి. అందుకే పిల్ల హోంవర్క్ చేసుకుంటుంటే వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. చదవగానే ఫోన్ చెయ్యకు. ముందు బావగారికి కూడా చదివి వినిపించు.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గట్టిగా పేరుకుంటుంది, గీకి గీకి వేళ్ళు మొద్దుబారిపోతాయి. రెస్ట్‌హోమ్‌లో పని మామూలే. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, ఎవరైనా కన్నుమూస్తే కడిగి సిద్ధం చేయడం. ఇంటికొచ్చాక అన్నం, పెరుగు, ఏదో ఒక పచ్చడి. ఇద్దరికి వండటం ఇంకా చేతకావడం లేదు. నీ మరిది ఇంట్లో ఉన్నప్పటి కొలతే చేతికొస్తుంది, మిగిలింది మర్నాడు పనిలోకి పట్టుకెళ్తాను. అయినా తింటున్నాను, దిగులు పడకు.

జరిగింది నీకు తెలిసిందే. బావగారికి సగమే తెలుసు కాబట్టి వరసగా రాస్తాను. నీ మరిదికి ఉద్యోగం పోయిందని, తాగుడు మొదలైందని, తాగి కారు నడిపి పోలీసులకి దొరికి లైసెన్సు పోగొట్టుకున్నారని నేను ఈ ఊళ్ళో ఒక్క సునీతకే చెప్పుకున్నాను. మా తెలుగు ఫెలోషిప్‌లో నాకంటే చిన్నది. మేము కొత్తగా దిగినప్పుడు మాకు మొదట అన్నం పెట్టింది ఆమె, ఆమె భర్త రాజేషే. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని చెప్పుకున్నాను. ఆ బుధవారమే ఆన్‌లైన్ కూడికలో ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, సునీత కళ్ళు మూసుకుని, మన సహోదరుడు ప్రభాకర్ గారికి తాగుడు నుంచి విడుదల కలగాలని మొదలుపెట్టి, పోలీసుల సంగతి దాకా అంతా చెప్పేసింది. నిజంగా కన్నీళ్ళతోనే చెప్పింది. ఆ కూడికలో ఊరి నుంచి మా ఆడపడుచు కూడా ఉంది. తెల్లారేసరికి మా అత్తగారి ఫోన్ వచ్చింది.

ఆయన అరవలేదు. నా వైపు చూసి, "నన్ను వీధిలో పెట్టావు" అన్నారు, అంతే. వారం తిరక్కుండా బ్యాగు సర్దుకుని ఆక్లండ్ వెళ్ళిపోయారు. మౌంట్ ఆల్బర్ట్‌లో ఎవరో స్నేహితుడి ఫ్లాట్‌లో ఉంటున్నారట. షారోను చేస్తే ఫోన్ ఎత్తుతారు, నేను చేస్తే ఎత్తరు.

సునీత మా ఇంటికొచ్చి ఏడ్చింది. నేను గుమ్మంలోనే నిలబడి, దేవుడు క్షమించమన్నాడు కాబట్టి క్షమించేశానని చెప్పి పంపేశాను. లోపలికి రమ్మనలేదు. ఆ సంగతి ఫెలోషిప్‌లో అందరికీ తెలిసి, కరుణది ఎంత పెద్ద మనసో అని చెప్పుకున్నారు. నాకు ఆ మాటలు బాగున్నాయి అక్కా. మొగుడు వెళ్ళిపోయిన ఇంట్లో నాకు మిగిలిన గౌరవం అదొక్కటే అనిపించేది.

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. అమ్మ మనకి నేర్పిన అలవాటు గుర్తుందిగా. వాక్యం చదివేటప్పుడు అందులో మీ పేరు పెట్టుకోండి, అప్పుడు దేవుడు మీతోనే మాట్లాడతాడు అనేది. నువ్వు "భయపడకు రత్నా" అని, నేను "భయపడకు కరుణా" అని పోటీపడి గొంతెత్తి చదివేవాళ్ళం. నేను ఆ అలవాటునే పట్టుకుని, శత్రువుల మీద మొరపెట్టే కీర్తన ఒకటి తీసి, శత్రువు అన్న చోటల్లా సునీత పేరు పెట్టాను. ప్రతి పొద్దునా, షారోను లేవకముందు, టీ కప్పు పక్కన పెట్టుకుని చదివాను. ఇల్లు పాడుబడాలని ఉన్నచోట ఆమె ఇల్లు తలుచుకున్నాను. అందులో సంతానం గురించి కూడా ఉంది. ఆమె అప్పటికే కడుపుతో ఉందని నాకు తెలుసు. తెలిసీ అక్కడ ఆగలేదు. నువ్వు కూడా మీ శుక్రవారం ఉపవాస కూటంలో ఆమె పేరు చెప్పి, మా చెల్లికి న్యాయం తీర్చమని అడుగుతున్నానన్నావు. నాకు కొండంత బలంగా ఉండేది.

నెలలు నిండబోతుండగా సునీత బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఆ సంగతి ఫోన్ చేసి చెబితే నువ్వు, "చూశావా, దేవుడు ఊరుకుంటాడా" అన్నావు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదక్కా. ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. అది దాచి నీకు ఉత్తరం రాస్తే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఫోన్ పెట్టేశాక నాకు నా మీదే భయం వేసింది.

మర్నాడు రాజేష్ ఫోన్ చేశాడు. బిడ్డకి స్నానం చేయించి బట్టలు వేయాలని, సునీత వల్ల కావడం లేదని, తన వల్లా కావడం లేదని, వాళ్ళమ్మ రావడానికి వీసా లేదని చెప్పి, "మీకు అలవాటైన పనే కదక్కా" అన్నాడు. పాపం, అతనికేం తెలుసు. డ్యూటీ ఉందని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు, వస్తున్నానన్నాను.

హాస్పిటల్లో మిడ్‌వైఫ్ సునీత ఉన్న చిన్న గదిలోనే గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డలు పెట్టి ఇచ్చింది. మా రెస్ట్‌హోమ్‌లో మాకొక పద్ధతి నేర్పారు. ప్రాణం పోయిన మనిషినైనా మాట్లాడకుండా ముట్టుకోకూడదు. ఇప్పుడు ముఖం తుడుస్తున్నాను, ఇప్పుడు చెయ్యి ఎత్తుతున్నాను అని చెప్పి చెయ్యాలి. చేతులు ఆ అలవాటునే పోయాయి. "ఇప్పుడు చెయ్యి కడుగుతున్నాను తల్లీ, ఇప్పుడు తల తుడుస్తాను" అని తెలుగులో చెబుతూ కడిగాను. తల నిండా జుట్టు ఉందక్కా. సునీత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని నా మాటలన్నీ వింటూనే ఉంది.

సునీతే కొన్న తెల్ల గౌను తొడిగి బిడ్డని పక్కన పడుకోబెట్టాను. రాజేష్ బయటికి వెళ్ళాడు. అప్పుడు సునీత నా వైపు తిరిగింది.

"అక్కా, నీ ఉసురే తగిలిందని మా అత్తయ్య అంటంది. తగిలిందా?"

అలాంటివేం లేవు, అంతా దేవుని చిత్తం అనేస్తే సరిపోయేది. అందరూ అనేది అదే. నన్ను మళ్ళీ మెచ్చుకునేవాళ్ళు కూడా. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. గుమ్మంలో నిలబడి క్షమించానని చెప్పింది అబద్ధమని, రోజూ పొద్దున కీర్తనలో తన పేరు పెట్టి చదివానని, బిడ్డల గురించి ఉన్నచోట కూడా ఆగలేదని చెప్పాను. దేవుడు నా మాట విని ఇలా చేశాడని నేను అనుకోను, కానీ నేను అడగడమైతే అడిగాను అని కూడా చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నెలనెలా ప్రభువు బల్ల దగ్గర నువ్వు రొట్టె తీసుకుంటానే ఉన్నావు కదక్కా," అంది. "నీ ఇంటికి వచ్చెళ్ళిన కాడ్నించి నేను ముట్టుకోలా. నిన్ను చూసి, అక్క మనసులో ఏం లేదు, నిజంగానే క్షమించింది, నా సిగ్గే నన్ను వదలట్లేదు అనుకునేదాన్ని."

మనసులో ఒకరి మీద పగ ఉంచుకుని ఆ రొట్టె తీసుకోకూడదని మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. నేను సునీత కళ్ళెదుటే తీసుకున్నాను, నా పెద్ద మనసు అందరూ చూడాలని. ఆమె అన్న ఆ మాటకి మించిన శిక్ష నాకు ఎవరూ వెయ్యలేదు. "ఇంక వెళ్ళక్కా" అంది. వచ్చేశాను.

సమాధి చేసిన రోజు గాలి విపరీతంగా వీచింది. పెట్టె ఎంత చిన్నదంటే రాజేష్ ఒక్కడే ఒళ్ళో పెట్టుకుని కారులో తెచ్చాడు. నేను దూరంగా, షారోను చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. సునీత నా వైపు చూడలేదు. తర్వాత రోజూ డ్యూటీ అయ్యాక చారు, మెత్తటి అన్నం వాళ్ళ గుమ్మం దగ్గర పెట్టి, బెల్ కొట్టి, కారులో కూర్చునేదాన్ని. గిన్నె లోపలికి వెళ్ళాక బయల్దేరేదాన్ని. గిన్నె లోపలికి వెళ్ళడమే నాకు చాలా పెద్ద సంగతిగా ఉండేది.

ఒక రోజు గిన్నె పెడుతుండగానే తలుపు తెరుచుకుంది. సునీత జ్వరంతో వణుకుతోంది, జాకెట్ ముందంతా తడిసి ఉంది. "పాలు ఆగట్లేదక్కా, రాళ్ళలా అయిపోయాయి" అంది. అమ్మ కాలంలో అయితే మల్లెపూలు కట్టేవారు. ఈ చలిలో మల్లెపూలు ఎక్కణ్ణుంచి తేను? మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేస్తే జ్వరానికి వెంటనే డాక్టర్‌కి చూపించి మందులు మొదలుపెట్టమంది, ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకులు పరిస్తే నొప్పి కాస్త తగ్గుతుందని కూడా చెప్పింది. కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చాను. ఇంటికొచ్చాక ఒక్కొక్క ఆకూ దులిపి, ఆరబెట్టి ఆమె గుండెల మీద పరిచాను. బిడ్డ తాగాల్సిన పాలు. ఇద్దరం ఏడ్చాం, ఏడుపు ఎవరిది ముందు ఆగిందో తెలియదు.

కాస్త నెమ్మదించాక సునీత, "నిన్ను క్షమించానని ఇప్పుడు చెప్పలేనక్కా. చెబితే అదీ అబద్ధమే అవుద్ది" అంది. చెప్పొద్దన్నాను. అప్పుడు తలగడ కింద నుంచి తన బైబిలు తీసి నా చేతిలో పెట్టి, "నా పేరు పెట్టి చదివావుగా. మంచిచోటు ఏదన్నా ఉంటే అక్కడ పెట్టి చదువు" అంది.

చదివానక్కా. మొదటిసారి పేరు దగ్గరికి రాగానే ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వింటూ నిద్రపోయింది. నాకు మనశ్శాంతి అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది. సంతోషం లాంటిదేమీ లేదు, ఇంక దాచుకోవాల్సింది ఏమీ లేదన్న తేలిక, అంతే. ఆ వారం నేను కూడా నిద్రపోయాను.

పోయిన ఆదివారం బల్ల ఉన్నప్పుడు సునీత వచ్చి నా పక్కన కూర్చుంది. రొట్టె పళ్ళెం మా ముందుకొచ్చింది. ఆమె నాకు అందించింది, నేను పక్కవాళ్ళకి అందించాను. ఇద్దరం తీసుకోలేదు. నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు నా వైపు వేరేగా చూస్తున్నారు. చూడనీ. పాస్టర్ గారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీ మరిదికి కూడా, మీ పరువు నేనే వీధిలో పెట్టాను, నన్ను క్షమించండని మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు. షారోను నాన్న ఎప్పుడొస్తారని ఇంగ్లీషులో అడుగుతుంది, నేను తెలియదని తెలుగులో చెబుతాను.

అక్కా, నువ్వు పెద్దదానివి, నన్ను పెంచినదానివి. నీకు చెప్పేంతదాన్ని కాను. కానీ శుక్రవారం కూటంలో సునీత పేరు తీసెయ్యకు. పేరు ఉంచి, అడిగేది మార్చు.

బావగారికి, పెద్దమ్మకి నా వందనాలు. పిల్లలకి ముద్దులు. నన్నూ షారోనునీ దీవించు, ఆక్లండ్‌లో ఉన్న మనిషిని కూడా దీవించు. ఇంకొక్క కోరిక. నేను షారోనుని కన్నప్పుడు నువ్వు శొంఠి, మిరియాలు, బెల్లం వేసి చేసి పంపిన బాలింత కాయం మళ్ళీ నీ చేత్తో చెయ్యాలి. ఇక్కడ సునీతకి ఎవరూ ఏమీ చేసి పెట్టడం లేదు. బిడ్డ లేదని ఆమె బాలింత అన్న సంగతే అందరూ మర్చిపోయారు. కస్టమ్స్ వాళ్ళు ఆపుతారేమో, అందులో ఏమేం వేశావో డబ్బా మీద రాసి అతికించు. అడ్రస్ మాత్రం మా ఇంటిదే వెయ్యి, నేనే తీసుకెళ్ళి ఇస్తాను. పార్సిల్ మీద నా పేరు రాయకు అక్కా. నీ చేత్తో ఆమె పేరు రాయి.

నీ చెల్లెలు,
కరుణ