ద్రాక్ష పందిళ్ల దాకా

ఇచ్చోడ,
4 మార్చి 1962

ప్రియమైన బానూ,

నిర్మల్‌లో మీ ఇంట్లో అందరూ బాగున్నారా? నేను మాత్రం బాగాలేను. ఒళ్లు మండిపోతోంది.

నిన్న మా బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఊరివాళ్లు కోసిపెట్టిన కోడి తిని, త్రేన్చి, నా నాలుగో తరగతిలో కూర్చున్నాడు. "ద్రాక్ష యాడ పండుతది?" అని అడిగితే పిల్లలంతా "నాసిక్!" అని అరిచారు. నా గుండె పొంగింది. "ఎట్ల కాస్తది?" అన్నాడు. "చెట్టుకు! చింతచెట్టంత చెట్టుకు!" అన్నారు. నేను చెప్పిందే మరి! పుస్తకంలో నాసిక్ అని ఉంది గానీ, చెట్టో పాదో రాసి ఉందా? ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం పంతులమ్మా, ద్రాక్ష ఎప్పుడన్న చూసినవా?" అన్నాడు. నేనూరుకుంటానా! "మీరు చూసిండ్రా సార్?" అన్నాను. నవ్వు ఆగిపోయింది. తనిఖీ పుస్తకంలో "ఉపాధ్యాయినికి విషయజ్ఞానం లేదు, వినయమూ లేదు" అని రాసి పోయాడు.

అందుకే తేల్చేసుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం సైకిళ్ల మీద పోదాం. బాసర నుంచి గోదావరి ఒడ్డు పట్టుకుని ఎగువకు, నాందేడ్ మీదుగా నాసిక్ దాకా. కరీంనగర్ పంతులమ్మల ట్రైనింగ్ హాస్టల్ వెనక నీకు సైకిల్ నేర్పింది ఊరికే అనుకున్నావా? దారంతా నది, ఇసుక తిన్నెలు, చివర ద్రాక్షతోటలు! కళ్లతో చూసొచ్చి, ఆయన ముందే పాఠం చెబుతాను. వస్తావా? వస్తాననే రాయాలి.

నీ సరోజన

*

నిర్మల్,
12 మార్చి

ప్రియమైన సరోజనక్కకు సలాం.

ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత బుగులు పుట్టింది. నీకింకా చెప్పలేదు, బక్రీద్ అయిన వారానికి నా నిఖా. జగిత్యాలలో బట్టల దుకాణం వాళ్లు. అబ్బాయి పేరు మహమూద్. మంచివాడంటున్నారు. వాళ్లమ్మ నన్ను చూడ్డానికి వచ్చి, వరండాలో నా సైకిల్ చూసింది. "బడికి పోతె పోనీ. గా సైకిల్ మాత్రం మా ఇంటికి రావద్దు" అంది. మా అమ్మీ వెంటనే "తీసేస్తం, తీసేస్తం" అంది. నేను చాయ్ కప్పులు పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత అబ్బాను అడిగాను. "జర సబర్ చెయ్యి బేటా, నిఖా దగ్గరవడ్డంక అమ్ముదాం" అన్నాడు. అంటే అప్పటిదాకా అది నాదే కదా అక్కా?

ఎక్కడ పడుకుంటాం? ఏం తింటాం? టైరు పగిలితే? నువ్వు పక్కనుంటే వస్తాను. ఒక్కదాన్నైతే నిర్మల్ బస్టాండు కూడా దాటలేను.

భయంతో, ఆశతో
షహర్ బానో

*

ఇచ్చోడ,
20 మార్చి

ప్రియమైన పిరికిదానా,

సైకిల్ ఇంటికి రావద్దా? మరి కోడలు జీతం రావచ్చా? నువ్వు కప్పులు పట్టుకుని ఎందుకు నిలబడ్డావే, కింద పెట్టి మాట్లాడక!

పడక ఫికర్ చెయ్యకు. గోదావరి పొడుగునా ఊళ్లున్నాయి, ఊరుంటే బడి, బడి ఉంటే పంతులమ్మ. ఆమె ఇంట్లో దిగుదాం. సాటి పంతులమ్మను గడప బయట ఎవరూ ఉంచరు. పొద్దున పన్నెండు మైళ్లు, సాయంత్రం పన్నెండు, మధ్యాహ్నం చెట్టు నీడ. జొన్నరొట్టె, కారం, అటుకులు కట్టుకుందాం. పంపు, అతుకుల సామాను నేను తెస్తాను. పన్నెండు రోజుల్లో నాసిక్ చేరతాం. వచ్చేటప్పుడు సైకిళ్లు రైల్లో వేసుకుందాం.

మా సారయ్యన్న అడ్డం పడతాడు, అది ఖాయం. పడనీ! మీద నుంచి తొక్కుకుంటూ వస్తాను. ఏప్రిల్ ఇరవై, శుక్రవారం పొద్దున బాసర ఘాటు మెట్ల దగ్గర ఉండు. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతాను.

నీ మొండి అక్క,
సరోజన

*

ఇచ్చోడ,
28 ఏప్రిల్

బానూ,

నేను రాలేదు.

పద్దెనిమిదిన సంచి సర్దుకుని, కొట్లాటకు కొంగు బిగించి అన్నకు చెప్పాను. అన్న నా మొహం చూసి, "పో, పైలం. టైర్లల్ల గాలి కొట్టిన" అన్నాడు. వదిన రొట్టెలు కట్టిచ్చింది. వద్దన్నవాళ్లే లేరు. ఊరి చివరి మైలురాయి దాకా వచ్చాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. అన్న అడ్డం పడితే ఆ కోపంతో దాటేదాన్నేమో. ఎవరూ వద్దనకపోయేసరికి నా భయం ఒక్కటే మిగిలింది. ఒక గంట నిలబడి తిరిగొచ్చాను. ఇంత నోరు పెట్టుకుని ఇట్లా చేశాను.

నువ్వూ వచ్చి ఉండవులే. వచ్చినా కాసేపు చూసి ఇల్లు చేరి ఉంటావు. నిఖాకు పిలుస్తావో లేదో.

సిగ్గుతో
సరోజన

*

నాసిక్ దగ్గర, ఒక ద్రాక్షతోట,
3 మే

ప్రియమైన సరోజనక్కా,

శుక్రవారం పొద్దంతా ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు రాలేదు. శనివారం మధ్యాహ్నం దాకా చూశాను. ఏడ్చాను. నిన్ను తెలుగులో తిట్టి, చాలక ఉర్దూలో తిట్టాను. ఇంటికి పోదామని సైకిల్ తిప్పాను కూడా. ఇంటికి పోతే దాన్ని అమ్మేస్తారు. ముందుకు పోతే ఇంకొన్నాళ్లు నాది. తొక్కాను.

ఇసుకలో తోశాను, రెండుసార్లు పడ్డాను. టైరు పగిలితే ఊరి కమ్మరి అతుకు వేశాడు. పంతులమ్మల సంగతి నువ్వు రాసినట్టే జరిగింది, ఒక్క ఊళ్లో తప్ప. ఆమె తలుపు తియ్యలేదు. బడి అరుగు మీద పడుకున్నాను. మరాఠీ ఊళ్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎకటీ? ఒక్కదానివేనా?" మొదట తల దించుకునేదాన్ని. నాందేడ్ దాటాక "హో! ఒక్కదాన్నే!" అని గట్టిగా చెప్పడం నేర్చుకున్నాను.

ద్రాక్షది చెట్టు కాదక్కా, తీగ. బీరపాదులాగా పందిరికి పాకిస్తారు. ఆఖరి కోత నడుస్తోంది. కింద నిలబడితే గుత్తులు తలకు తగులుతున్నాయి. తోట ముసలమ్మ ఒక గుత్తి చేతిలో పెట్టింది. పుల్లగా ఉంది! ఇంత దూరం తొక్కింది దీనికా అని నేను నవ్వుతుంటే ఆమె కూడా నవ్వింది.

అబ్బాకు నాందేడ్‌లోనే కార్డు వేశాను. నీ దగ్గరికని చెప్పి ఇల్లు కదిలాను కదా, అందులో నిజం రాశాను. ఇంకో కార్డు జగిత్యాలకు, మహమూద్ పేరనే వేశాను: "వస్తే సైకిల్‌తోనే వస్తాను. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి." ఏమంటాడో తెలియదు. నా మాట నేను చెప్పుకున్నాను.

నువ్వెందుకు రాలేదో నాకు తెలియదు. మీ అన్న ఆపాడంటే మాత్రం నమ్మను. నిన్ను ఆపగల మనిషి ఒక్కతే ఉంది, అది నువ్వే. నాకు కోపం పోలేదు. అయినా నిర్మల్ కంటే ముందు ఇచ్చోడకే వస్తున్నాను. వాకిట్లో నిలబడి బెల్లు కొడతాను. సైకిల్ తీసుకుని బయటికి రా. ఎక్కడికని అడగొద్దు.

నీ
షహర్ బానో